క్యారవాన్ కొనే ముందు కారు బరువు లెక్క: ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకి మెట్టు మెట్టుగా

ఆస్ట్రేలియాలో క్యారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొందామనుకునే మన వాళ్లు డీలర్‌ని ముందుగా అడిగేది "ఈ కారు ఎంత లాగుతుంది?" అని. జవాబు ఒక్క అంకెలో వచ్చేస్తుంది: 2,000 కిలోలు, 3,000 కిలోలు, 3,500 కిలోలు. ఆ అంకె అబద్ధం కాదు. కాకపోతే కారు దాదాపు ఖాళీగా ఉన్నప్పటి మాట అది. ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, వారానికి సరిపడా వంట సామాను ఎక్కాక అదే కారు ఎంత లాగగలదో బ్రోషర్‌లో రాయరు. చాలా కుటుంబాల విషయంలో ఇంజన్‌కి ఇంకా సత్తా ఉంటుంది, కానీ కారు మోయగల బరువు ముందే అయిపోతుంది. అందుకని లెక్క కారు దగ్గర మొదలుపెట్టి, క్యారవాన్‌ని చివర్లో ఎంచుకోవాలి. షోరూమ్‌లో నచ్చిన క్యారవాన్‌కి అడ్వాన్స్ కట్టేసి ఆ తర్వాత కారు సరిపోతుందా అని చూసుకోవడం తలకిందుల పని.

మొదటి మెట్టు: అంకెలన్నీ ఒక కాగితం మీద పెట్టండి

కారుకి సంబంధించి ఆరు అంకెలు కావాలి. కొన్ని డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లోనో ప్లేట్ మీదో కనిపిస్తాయి, మిగతావి ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటాయి.

- కర్బ్ వెయిట్: ట్యాంకు నిండా ఇంధనంతో, మనుషులు, సామాను లేకుండా కారు బరువు.
- జీవీఎం: మనుషులు, సామాను, వెనక బాల్ (టోబాల్, అంటే క్యారవాన్‌ని తగిలించే ఇనుప గుండు) మీద పడే బరువు అన్నీ కలిపి కారు దాటకూడని బరువు.
- జీసీఎం: కారు, క్యారవాన్ రెండూ కలిపి దాటకూడని బరువు.
- బ్రేకులున్న ట్రైలర్‌కి లాగే పరిమితి.
- టోబాల్ మీద పడదగ్గ గరిష్ఠ బరువు.
- ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ విడివిడిగా ఉన్న పరిమితులు.

టోబార్‌కి, అంటే బాల్‌ని మోసేలా కారు వెనక బిగించే కడ్డీకి, దాని సొంత ప్లేట్ ఉంటుంది. బాల్ మీద కూడా దాని పరిమితి చెక్కి ఉంటుంది. కారు 3,000 లాగుతుందని కంపెనీ చెప్పినా, బిగించిన టోబార్ 2,000 దైతే మీ పరిమితి 2,000 మాత్రమే. అన్నిటిలోకి ఏది తక్కువో అదే చట్టం దృష్టిలో లెక్క. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇక్కడ తప్పకుండా వంగి, కారు వెనక కిందికి చూడాలి.

క్యారవాన్ ప్లేట్ మీద వెతకాల్సినవి ఏటీఎం, జీటీఎం, టేర్. నిండా సర్దిన క్యారవాన్‌ని కారు నుంచి విడదీసి నిలబెడితే ఉండే మొత్తం బరువుకి పరిమితి ఏటీఎం. కారుకి తగిలించినప్పుడు క్యారవాన్ చక్రాల మీద మాత్రమే పడే బరువుకి పరిమితి జీటీఎం. కారుకి తగిలించగానే కొంత బరువు బాల్ మీదకి వెళ్లిపోతుంది, ఈ రెండిటికీ తేడా అదే. టేర్ అంటే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పటి ఖాళీ బరువు. నీళ్ల ట్యాంకుల్లో చుక్క ఉండదు, అరల్లో చెంచా ఉండదు. అమ్మకం ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచుగా ఈ టేరే. దాన్ని చూసి కారుతో సరిపోల్చడం కాకిలెక్క. సరిపోల్చాల్సింది ఏటీఎంతో.

రెండో మెట్టు: కారులో ఎంత చోటు మిగిలిందో తేల్చండి

ఒక నిజమైన కారునే తీసుకుందాం. టొయోటా ప్రాడో 150 డీజిల్ ఆటోమేటిక్‌కి జీవీఎం 2,990, లాగే పరిమితి 3,000, జీసీఎం 5,990 కిలోలు. కర్బ్ వెయిట్ మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి 2,350 అనుకుందాం. బాల్ పరిమితి 300.

2,990 లోంచి 2,350 తీసేస్తే 640 కిలోలు. చూడ్డానికి బోలెడంత. ఇక ఎక్కించండి.

భార్యాభర్తలు 145, ఇద్దరు పిల్లలు 60, అమ్మానాన్నలు 125. మనుషులే 330 కిలోలు. టోబార్, బ్రేక్ కంట్రోలర్ (క్యారవాన్ బ్రేకుల్ని కారులోంచి నడిపే పరికరం), వాటి వైరింగ్ కలిపి 40. అక్కడికి మిగిలింది 270. డిక్కీలో ఐస్ బాక్స్, దారిలో తినడానికి పులిహోర డబ్బాలు, పిల్లల బ్యాగులు, అమ్మ మందుల సంచి, ఒక చిన్న సూట్‌కేసు కలిపి 85 కిలోలు వేసుకోండి. ఇది ఎక్కువేమీ కాదు, మన ఇళ్ల సంగతి మనకి తెలిసిందే. మిగిలింది 185.

బాల్ మీద పడే బరువుకి ఇక ఉన్న చోటు ఆ 185 కిలోలే. బాల్ మీద క్యారవాన్ మొత్తం బరువులో సుమారు 10 శాతం పడాలన్నది ఆస్ట్రేలియాలో అందరూ పాటించే లెక్క. అంటే ఈ కుటుంబం ఈ కారుతో లాగదగ్గ క్యారవాన్ 1,850 కిలోల ఏటీఎం దగ్గర ఆగిపోతుంది. బ్రోషర్ చెప్పిన 3,000 ఎక్కడ, ఈ 1,850 ఎక్కడ! ఇదే కారులో భార్యాభర్తలిద్దరే వెళితే అమ్మానాన్నల 125, పిల్లల 60 మిగిలి, బాల్ దాని పూర్తి పరిమితికి చేరినా కారు జీవీఎం దాటదు. కారు మారలేదు, ఎక్కిన మనుషులు మారారు, అంతే.

స్టీల్ బుల్‌బార్, రూఫ్ ర్యాక్, డిక్కీలో డ్రాయర్ల సిస్టమ్, రెండో బ్యాటరీ లాంటివి బిగించుకున్నవాళ్లు ఒక్కోదాని బరువూ కనుక్కుని ఇదే లెక్కలో తీసేయాలి. విడిగా చూస్తే ఏదీ పెద్దగా అనిపించదు, అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. బుల్‌బార్ ఒక్కటే 50–70 కిలోలు తినేస్తుంది.

స్ప్రింగులు మార్పించి జీవీఎం పెంచుకోవచ్చని వర్క్‌షాపుల వాళ్లు చెబుతారు. అధికారిక ఆమోదంతో చేయిస్తే అది చట్టబద్ధమే. అయితే జీవీఎం పెరిగినంత మాత్రాన జీసీఎం పెరగదు. కారులో ఎక్కువ ఎక్కించిన ప్రతి కిలోకీ క్యారవాన్‌లో ఒక కిలో వదులుకోవాల్సి రావచ్చు. డబ్బు కట్టే ముందు "జీసీఎం ఎంతవుతుంది?" అని రాతపూర్వకంగా అడగండి.

మూడో మెట్టు: జీసీఎం దగ్గర మెలిక

ప్రాడో 150లో 2,990, 3,000 కలిపితే సరిగ్గా 5,990. అంటే కారు నిండా ఎక్కించి, క్యారవాన్ నిండా సర్ది కూడా జీసీఎం లోపలే ఉంటాం. ల్యాండ్‌క్రూయిజర్ 300 జీవీఎం 3,280, లాగే పరిమితి 3,500, జీసీఎం 6,750. కూడితే 6,780 వస్తుంది, కానీ ఈ కూడికలో బాల్ బరువు రెండుసార్లు పడింది కాబట్టి ఆ 30 కిలోల తేడాతో ఇబ్బంది లేదు. ఇవి రెండూ నయం. ఇబ్బందంతా 3,500 లాగుతాయని ప్రకటించే డబుల్ క్యాబ్ యూట్‌లతో (రెండు వరసల సీట్లున్న పికప్ బండ్లు).

ఆ తరగతి బండ్లకి దగ్గర్లో ఉండే అంకెలతో ఒక ఊహా యూట్ తీసుకుందాం. కర్బ్ వెయిట్ 2,100, జీవీఎం 3,100, జీసీఎం 6,000, లాగే పరిమితి 3,500. వెనక 3,500 ఏటీఎం క్యారవాన్, బాల్ మీద 350. క్యారవాన్ చక్రాల మీద పడేది 3,150. జీసీఎం 6,000 లోంచి అది తీసేస్తే కారు చక్రాల మీద 2,850 ఉండొచ్చు. అందులో 350 బాల్‌దే, ఇక 2,500. యూట్ సొంత బరువు 2,100 పోతే మనుషులకీ సామానుకీ 400 కిలోలు మిగిలాయి. వెనక క్యానపీ (ట్రే మీద బిగించే కప్పు), బుల్‌బార్, టోబార్ కలిపి 165 అయితే 235. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే సామాను లేకుండానే అది దాటిపోవచ్చు.

ఈ లెక్కలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. బాల్ మీద బరువు కారు జీవీఎంలోనూ లెక్కకొస్తుంది, క్యారవాన్ ఏటీఎంలోనూ లెక్కకొస్తుంది. కానీ జీసీఎం చూసేటప్పుడు దాన్ని ఒక్కసారే కలపాలి. బాల్‌తో సహా కారు బరువుకి జీటీఎంని కూడండి, ఏటీఎంని కాదు.

నాలుగో మెట్టు: వెనక ఇరుసు

బాల్ వెనక ఇరుసుకి ఇంకా వెనకగా వేలాడుతూ ఉంటుంది కాబట్టి, దాని మీద పెట్టిన బరువు వెనక ఇరుసు మీద అంతకంటే ఎక్కువగా పడుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 2.8 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్ దాకా 1.2 మీటర్లు, బాల్ మీద 280 కిలోలు అనుకోండి. 280ని 1.2తో గుణించి 2.8తో భాగిస్తే 120. ముందు ఇరుసు మీద 120 కిలోలు తగ్గుతాయి, వెనక ఇరుసు మీద 400 పెరుగుతాయి. దానికి తోడు మూడో వరసలో కూర్చున్న పిల్లలు, డిక్కీ సామాను కూడా వెనకకే. జీవీఎం లోపలే ఉన్నా వెనక ఇరుసు పరిమితి దాటిపోయే బండ్లు అందుకే కనిపిస్తుంటాయి. ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగ్ తేలిపోతుంది, బ్రేక్ పట్టు తగ్గుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో కొడతాయి.

దీనికి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అని స్ప్రింగ్ కడ్డీలతో వచ్చే సామాను అమ్ముతారు. అది బరువులో కొంత తిరిగి ముందు చక్రాలకి నెడుతుంది. బాల్ పరిమితిని మాత్రం పెంచదు. కొన్ని కార్ల కంపెనీలు దీన్ని వాడొద్దంటాయి, మాన్యువల్ చూసుకోండి. వాడేటట్టయితే క్యారవాన్ తగిలించక ముందు ముందుచక్రం మీద ఫెండర్ ఎత్తు టేపుతో కొలిచి రాసుకుని, తగిలించాక ఆ ఎత్తుకి దగ్గరగా వచ్చేలా కడ్డీలు బిగించాలి.

ఏడు సీట్ల ఎస్‌యూవీలున్నవాళ్లకి ఇంకో మాట. టొయోటా క్లూగర్ లాంటి వాటి లాగే పరిమితి 2,000 కిలోలు. ఈ తరగతిలో కొన్నిటికి బాల్ పరిమితి అందులో 10 శాతం కంటే బాగా తక్కువ ఉంటుంది. 2,000 లాగుతుంది గానీ బాల్ మీద 100 మించకూడదంటే, బాల్ మీద 10 శాతం పడేలా స్థానికంగా తయారైన క్యారవాన్‌తో అది నిజానికి 1,000 కిలోల బండే.

ఐదో మెట్టు: ఇప్పుడు క్యారవాన్ చూడండి

మన ఉదాహరణ కుటుంబానికి 1,850 అని తేలింది కదా. టేర్ 1,450, ఏటీఎం 1,850 ఉన్న ఒక పాప్‌టాప్ (పైకప్పు పైకి లేచే క్యారవాన్) దొరికిందనుకుందాం. సామానుకి 400 కిలోలు. ఒక 95 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితేనే 95 కిలోలు. గ్యాస్ 9, గుడారం 20, కుర్చీలు, బల్ల 25, కుక్కర్, గిన్నెలు, ఎలక్ట్రిక్ స్టవ్ 30, బియ్యం, పప్పులు, పచ్చళ్లు, కూరగాయలు 50, పరుపులు, దుప్పట్లు 25, పనిముట్లు, లెవలింగ్ ర్యాంపులు, పైపులు 36, బట్టలు 60. మొత్తం 350. బొటాబొటీగా సరిపోయింది.

ఈ సైజు దాంట్లో ఆరుగురు పడుకోలేరు. అమ్మానాన్నలకి క్యారవాన్ పార్కులోనే కేబిన్ బుక్ చేయడం నాకు తెలిసి అన్నివిధాలా మంచి పరిష్కారం. రాత్రి బాత్రూమ్‌కి చీకట్లో నడవాల్సిన బాధ వాళ్లకి తప్పుతుంది, మీకు పెద్ద క్యారవాన్ కోసం పెద్ద కారు కొనే ఖర్చు తప్పుతుంది.

ఒకే ఏటీఎం ఉన్న రెండు క్యారవాన్‌లలో టేర్ తక్కువున్నదే మేలు. డీలర్ దగ్గర సోలార్ ప్యానెళ్లు, ఏసీ, వాషింగ్ మెషిన్ లాంటివి చేర్పించుకుంటే ప్లేట్ మీది టేర్‌లో అవి ఉన్నాయో లేదో అడగండి. సెకండ్ హ్యాండ్ అయితే ప్లేట్‌ని నమ్మకుండా, ఖాళీగా తూకం వేయించి చూపించమనండి.

ఆరో మెట్టు: సర్దడం

రెండు చక్రాల ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కితే కాడి పైకి లేచి ఎద్దుల మెడని లాగేస్తుంది, ముందు ఎక్కువైతే మెడ మీద కూర్చుంటుంది. క్యారవాన్ కూడా ఇరుసు మీద అలాగే ఊగుతుంది. బరువైనవన్నీ కింద, ఇరుసుకి దగ్గరగా పెట్టండి. పై అరల్లో దుప్పట్లు, బట్టలు. వెనక గోడవైపు తేలికవి.

వెనక బంపర్ మీద సైకిళ్ల ర్యాక్ పెట్టేవాళ్లు ఈ లెక్క చూడండి. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు, ర్యాక్ కలిపి 65 కిలోలు. ఇరుసుకి 3.5 మీటర్ల వెనక అవి, ఇరుసుకి 4.5 మీటర్ల ముందు బాల్. 65ని 3.5తో గుణించి 4.5తో భాగిస్తే దాదాపు 50. అంటే బాల్ మీద 50 కిలోలు లేచిపోయాయి. 180 ఉన్నది 130 అయింది. క్యారవాన్ మొత్తం బరువు పెరిగింది, బాల్ మీద తగ్గింది. హైవే మీద క్యారవాన్ పాములా ఊగడానికి ఇలాంటి సర్దుడే ముఖ్యకారణం.

నీళ్ల ట్యాంకు ఇరుసుకి ముందుందా వెనకుందా అన్నది కూడా కనుక్కోండి. ముందుంటే నీళ్లు వాడుతున్నకొద్దీ బాల్ తేలికవుతుంది. ట్యాంకు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కొలిచి రెండూ రాసుకుంటే చాలు.

ఏడో మెట్టు: తూకం

కాగితం మీద లెక్క ఎంత బాగా వేసినా వేబ్రిడ్జి ఎక్కించాల్సిందే. మన ఊళ్లలో లారీలు ఎక్కే ధరమ్ కాటా లాంటిదే ఇక్కడా ఉంటుంది. క్వారీల దగ్గర, చెత్త ట్రాన్స్‌ఫర్ స్టేషన్ల దగ్గర, ధాన్యం గోదాముల దగ్గర. ఇంటికొచ్చి తూకం వేసే మొబైల్ సర్వీసులూ ఉన్నాయి. వాళ్లు ఒక్కో చక్రం కింద విడివిడిగా కొలుస్తారు కాబట్టి ఇరుసుల లెక్క కూడా తేలిపోతుంది.

ప్రయాణానికి వెళ్లే రోజు ఎలా ఉంటారో అలాగే వెళ్లండి: ట్యాంకులు నింపి, అందరూ కారులో కూర్చుని. మూడు సార్లు తూయించండి.

1. కారు, క్యారవాన్ రెండూ వేబ్రిడ్జి ప్లేట్ మీద. ఉదాహరణకి 4,640 వచ్చింది. ఇది జీసీఎం లోపల ఉండాలి.
2. తగిలించి ఉండగానే వెనక్కి జరిపి, కారు ఒక్కటే ప్లేట్ మీద. లేదా ఎక్కేటప్పుడే మొదట కారు మాత్రమే ఎక్కించి ఆపినా సరే. 2,980 వచ్చింది. ఇది జీవీఎంతో పోల్చే అంకె. మొదటిదాంట్లోంచి తీసేస్తే 1,660, ఇది జీటీఎంతో పోల్చేది.
3. క్యారవాన్ విడదీసి కారు ఒక్కటే. 2,800 వచ్చింది. 2,980తో తేడా 180, అదే బాల్ మీద బరువు. 1,660కి 180 కలిపితే 1,840, ఇది ఏటీఎంతో పోల్చేది.

180ని 1,840తో భాగిస్తే 9.8 శాతం. బాగుంది. చాలా వేబ్రిడ్జిలు 10 లేదా 20 కిలోల మెట్లలోనే చూపిస్తాయి కాబట్టి బాల్ బరువు మాత్రం దాని కోసమే దొరికే చిన్న టోబాల్ స్కేల్‌తో ఇంకోసారి సరిచూసుకోండి. ఆ స్కేల్ ఒకటి కొనిపెట్టుకుంటే ప్రతి ప్రయాణానికీ పనికొస్తుంది. తూకం చీటీని గ్లవ్ బాక్స్‌లో ఉంచండి. పోలీసులు పక్కకి ఆపి తూకం వేసినా, ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు ప్రశ్నలడిగినా మీ మాటకి ఆధారం అదే.

ఎనిమిదో మెట్టు: బ్రేకులు, గొలుసులు

జీటీఎం 750 కిలోల దాకా ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి కాదు. 751 నుంచి 2,000 దాకా కనీసం ఒక ఇరుసు చక్రాలకి ఉండాలి. 2,000 దాటితే అన్ని చక్రాలకీ ఉండాలి, పైగా క్యారవాన్ కారు నుంచి విడిపోతే దానంతటదే బ్రేక్ పడే ఏర్పాటు కావాలి. ఆ బ్రేక్ కనీసం 15 నిమిషాలు పట్టుకుని ఉండాలి. క్యారవాన్‌ని కారుకి కలిపే భద్రతా గొలుసులు బాల్ కింద ఒకదాన్నొకటి దాటేలా తగిలించండి. వాటి కొక్కేలకి కూడా బరువు రేటింగ్ ఉంటుంది, హార్డ్‌వేర్ షాపులో దొరికిన మామూలు షాకిల్ పనికిరాదు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి లెక్క ఇదే గానీ పేర్లు, శాతాలు వేరు. అక్కడ ఏటీఎం స్థానంలో ఎంటీపీఎల్‌ఎం, బాల్ బరువుని నోజ్‌వెయిట్ అంటారు, అది 5–7 శాతం చాలంటారు. కొత్తగా లాగేవాళ్లు కారు కర్బ్ వెయిట్‌లో 85 శాతం మించిన క్యారవాన్ జోలికి పోవద్దన్నది అక్కడి సలహా. అమెరికాలో బాల్ మీద 10–15 శాతం. డ్రైవర్ తలుపు స్తంభం మీద మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని స్టిక్కర్ ఉంటుంది, రెండో మెట్టు లెక్క మొదలుపెట్టడానికి అదే చాలు.

రోడ్డెక్కాక

క్యారవాన్ ఊగడం మొదలైతే కాలు బ్రేక్ మీదకి వెళ్లకూడదు, స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పి సరిచేయబోకూడదు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, చేతికందే బ్రేక్ కంట్రోలర్ మీట నొక్కండి. దాంతో క్యారవాన్ బ్రేకులు మాత్రమే పడి, వెనక నుంచి లాగి పట్టినట్టయి బండి తిన్నగా వస్తుంది. ఆ మీట ఎక్కడుందో టెన్షన్‌లో వెతుక్కోకుండా, ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో ముందే రెండు మూడు సార్లు నొక్కి అలవాటు చేసుకోండి. తర్వాత ఆగగలిగిన మొదటి చోట ఆగి, వెనక అరలు తెరిచి బరువైనవి ముందుకి సర్దండి, టైర్ల గాలి చూడండి. అయినా మళ్లీ ఊగితే వేగం తగ్గించి, దగ్గర్లోని ఊళ్లో టోబాల్ స్కేల్ పెట్టి చూసేదాకా హైవే ఎక్కొద్దు.